27 మునిసిపాలిటీల విలీనం: ఇక పక్కపక్క ఊళ్ల మధ్య సహకారం అనే గొడవే ఉండదా?

బోడుప్పల్_వాసు
ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) లోపలున్న 20 మునిసిపాలిటీలు, 7 కార్పొరేషన్లు, మొత్తం 27 ఈ 2025 డిసెంబరులో హైదరాబాద్ కార్పొరేషన్ జీహెచ్‌ఎంసీలో కలిసిపోయాయి. అప్పట్నుంచి మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకటే రచ్చ. సగం మందేమో ఇక మనమూ సిటీనే, ప్లాటు రేటు పెరిగిపోతుందని సంబరపడుతున్నారు, మిగతా సగం ఇంటి పన్ను ఎంత వేస్తారో అని టెన్షన్ పడుతున్నారు.

నా డౌటు వేరే. మా గల్లీ చివర బోడుప్పల్ అయిపోయి ఉప్పల్ మొదలవుతుంది. సరిగ్గా అక్కడ కరెంటు స్తంభం కింద ఎప్పుడు చూసినా ఒక చెత్తకుప్ప. అటునుంచి వచ్చే స్వచ్ఛ ఆటో కుప్పకు అవతలే వెనక్కి తిరుగుతుంది, ఇటునుంచి మా ట్రాక్టరు ఇవతలే ఆగుతుంది. ఎవరికి ఫోన్ చేసినా "అది మా పరిధి కాదండీ" అంటారు. వాననీళ్లు పోయే నాలా సంగతీ అంతే. పైన వెడల్పు చేసి కాంక్రీటు గోడలు కట్టారు, హద్దు దాటగానే పాత హ్యూమ్ (సిమెంటు) పైపులు. గట్టి వాన పడితే పైనుంచి వచ్చిన నీళ్లన్నీ ఆ పైపుల మూతి దగ్గర తన్ని మా సెల్లార్లలోకి వస్తాయి.

ఇప్పుడు రెండువైపులా ఒకటే కార్పొరేషన్. అంటే ఈ పరిధి గొడవ పోయినట్టేనా? పక్కపక్క లోకల్ బాడీలు కూర్చుని మాట్లాడుకుని పని పంచుకోవాల్సిన అవసరం ఇక లేనట్టేనా? తెలిసినవాళ్లు చెప్పండి. రాజకీయం వద్దు ప్లీజ్.

ఎందుకొచ్చిన_గొడవ
మునిసిపాలిటీ గురించి అడుగుతూ రాజకీయం వద్దంటావేందన్నా, పెళ్లికొచ్చి భోజనం వద్దన్నట్టుంది.

ఒక్క ముక్కలో నా జవాబు: ఏమీ మారదు. నిన్నటిదాకా కమిషనర్ "మా పరిధి కాదు" అనేవాడు, రేపట్నుంచి డిప్యూటీ కమిషనర్ "మా సర్కిల్ కాదు" అంటాడు. బోర్డులకు పెయింటు ఖర్చు అదనం.

మాజీ_ఈఈ
తమ్ముడు వెటకారంగా అన్నాడు గానీ అందులో నిజం ఉంది. నేను ఇంజినీరింగ్ సైడ్ పనిచేసి రిటైరయినవాణ్ణి, ఏ ఆఫీసో అడగొద్దు.

ఈ సినిమా మనం ఇదివరకే చూశాం. 2007 ఏప్రిల్‌లో ఎల్‌బీ నగర్, గడ్డిఅన్నారం, ఉప్పల్ కలాన్, కాప్రా, మల్కాజిగిరి, అల్వాల్, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, రాజేంద్రనగర్, రామచంద్రాపురం, పటాన్‌చెరు, ఈ 12 మునిసిపాలిటీలను అప్పటి హైదరాబాద్ కార్పొరేషన్ ఎంసీహెచ్‌లో కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. అప్పుడూ ఇవే మాటలు, ఇక అంతా ఒకటే కదా అని.

కూకట్‌పల్లి నాలా తీసుకోండి. ఇళ్ల మురుగు, ఫ్యాక్టరీల నీళ్లు మోసుకొచ్చి హుస్సేన్‌సాగర్‌లో పోస్తుంది. 2007కు ముందు ఎవరైనా అడిగితే పైనున్నది వేరే మునిసిపాలిటీ అని చెప్పి తప్పించుకునేవాళ్లం. ఆ తర్వాత 18 ఏళ్లుగా పైనా కిందా ఒకటే కార్పొరేషన్. నాలా పక్కన నిలబడి ఊపిరి పీల్చి చూడండి, బాగుపడిందేమో మీకే తెలుస్తుంది. ఎందుకంటే ఫ్యాక్టరీ కాలుష్యం కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) చూడాలి, మురుగు నీళ్ల బోర్డు జలమండలి చూడాలి, వాననీళ్లు కార్పొరేషన్ చూడాలి, భూమి రికార్డులు రెవెన్యూ దగ్గర, చాలా చెరువుల కట్టలు, తూములు ఇరిగేషన్ దగ్గర, సాగర్ చుట్టుపక్కల నగర ప్లానింగ్ చూసే హెచ్‌ఎండీఏ. ఊళ్ల మధ్య హద్దు పోయింది, డిపార్ట్‌మెంట్ల మధ్య హద్దు అలాగే ఉంది.

ఇంకో సంగతి. 2007లో కలిసిన శివారు సర్కిళ్లలో డ్రైనేజీ చాలా ఏళ్లపాటు జీహెచ్‌ఎంసీ చేతిలోనే ఉండిపోయింది, పాత ఎంసీహెచ్ పరిధిలో మాత్రం జలమండలిది. కార్పొరేషన్ ఒకటే అయినా మ్యాన్‌హోల్ పొంగితే ఎవరికి ఫోన్ చెయ్యాలన్నది మీ ఇల్లు ఎక్కడుందన్నదాన్ని బట్టి ఉండేది. ఇప్పుడు కొత్తగా కలిసిన ఊళ్లలో ఏది ఎవరికి అప్పగిస్తారు, ఎప్పటికి అప్పగిస్తారు, మధ్యలో ఎవరు చూస్తారు, ముందు ఈ మూడు ప్రశ్నలు అడగండి. పన్ను సంగతి తర్వాత.

డంప్‌యార్డ్_పక్కోణ్ణి
సహకారం అంటే ఏంటో మాకు బాగా తెలుసు సార్. సిటీ చెత్త పోసింది, మేం వాసన పీల్చి సహకరించాం.

సిటీ చెత్తంతా పోసే మా జవహర్‌నగర్ మొదట గ్రామ పంచాయతీ. 2019లో కార్పొరేషన్ చేశారు. ఇప్పుడు జీహెచ్‌ఎంసీ. బోర్డు రెండుసార్లు మారింది, లారీలు మాత్రం ఒక్కరోజు ఆగలేదు. కుప్పకు క్యాపింగ్ చేశారు (పైన కప్పేసి మూశారు), 24 మెగావాట్ల కరెంటు ప్లాంటు పెట్టారు, కాదనను, మునుపటి అంత ఘోరం లేదు. కానీ చెత్తలోంచి కారే నల్లనీళ్లు మల్కారం చెరువును ఏం చేశాయో వచ్చి చూడండి. దమ్మాయిగూడ వైపు సాయంత్రం గాలి మళ్లిందంటే ఇప్పటికీ కిటికీలు మూయాల్సిందే. మా చెల్లి పెళ్లిచూపులు పట్టుబట్టి పొద్దున పూటే పెట్టించాం, వచ్చినవాళ్లు కాఫీ తాగేలోపు గాలి తిరగకుండా ఉంటే చాలని మా అమ్మ దేవుడికి మొక్కుకుంది.

నేను అడిగేది ఒక్కటే. ప్లాంటు నడిపే కాంట్రాక్టర్‌కు టన్నుకు ఇంత అని టిప్పింగ్ ఫీజు లెక్కగట్టి ఇస్తారు కదా, ఆ చెత్తను భరించే ఊరికి కూడా టన్నుకు ఇంత అని ఎందుకివ్వలేదు? పంచాయతీగా ఉన్నప్పుడు అడగడానికి మాకు నోరు లేదు. కార్పొరేషన్‌గా ఉన్నప్పుడు కనీసం అడిగే హక్కుండేది, రెండు వేర్వేరు సంస్థలు కాబట్టి. ఇప్పుడు ఎవరు ఎవర్ని అడగాలి? మన కుడిజేబుకు ఎడమజేబు బాకీ ఉందని కేసు వేస్తామా?

ఎందుకొచ్చిన_గొడవ
@డంప్‌యార్డ్_పక్కోణ్ణి చివరి లైను సూపర్ భయ్యా. విలీనం మంచిదనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

కంటోన్మెంట్_మనిషి
అందరూ అంచుల గురించే మాట్లాడుతున్నారు. సిటీ నడిమధ్యలో ఉన్నాం మేం, సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో, దాదాపు 40 చదరపు కిలోమీటర్లు, రక్షణ శాఖ కింద, 2006 కంటోన్మెంట్ల చట్టం ప్రకారం నడుస్తుంది. సివిల్ ఏరియాలను కార్పొరేషన్‌లో కలుపుతామన్న మాట ఎప్పట్నుంచో వింటున్నాం. కలిపే వరకూ మా బతుకు ఒప్పందాల మీదే.

మంచినీళ్లు జలమండలి నుంచి కంటోన్మెంట్ బోర్డు బల్క్‌గా కొని మాకు పంచుతుంది. సిటీలో నెలకు 20 వేల లీటర్లు ఫ్రీ అని 2020 చివర్లో మొదలుపెట్టినప్పుడు అది మాకు వెంటనే రాలేదు, రోడ్డు అవతల ఇంటికి బిల్లు సున్నా, ఇవతల ఇంటికి మామూలే. పికెట్ నాలా మా దగ్గర్నుంచి బేగంపేట వైపు పోయి సాగర్‌లో కలుస్తుంది. పూడిక మా వైపు తీసి అటువైపు తీయకపోయినా, అటు తీసి మా వైపు తీయకపోయినా మునిగేవాడు మునుగుతాడు. మిలిటరీ గేట్లు మూసినప్పుడు రోడ్ల గొడవ సరేసరి.

కాబట్టి @వాసు అన్నా, జీహెచ్‌ఎంసీ ఎంత పెద్దదైనా పక్కవాడితో మాట్లాడే పని తప్పదు. మాతో అయినా మాట్లాడాలిగా.

పాలసీ_పిల్ల
నేను ఈ సబ్జెక్టే చదువుతున్నాను కాబట్టి కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

పక్కపక్క స్థానిక సంస్థలు కలిసి కూర్చోవడానికి రాజ్యాంగంలోనే ఒక చోటుంది, 243జెడ్‌ఈ అధికరణ. 74వ సవరణతో వచ్చింది, 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. 10 లక్షల జనాభా దాటిన మెట్రోపాలిటన్ ప్రాంతానికి ఒక ప్లానింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం మూడింట రెండొంతుల మందిని ఆ ప్రాంతంలోని మునిసిపాలిటీల్లో ఎన్నికైన సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలోంచే ఎన్నుకోవాలి, అదీ ఊళ్లలో ఎంత, పట్టణాల్లో ఎంత జనాభా ఉంటే ఆ నిష్పత్తిలో. నీళ్లు, ఇతర వనరులు ఎలా పంచుకోవాలో చూసి మొత్తం ప్రాంతానికి డ్రాఫ్ట్ ప్లాన్ వెయ్యాలి. అంటే శివారు పల్లె సర్పంచ్, సికింద్రాబాద్ కార్పొరేటర్ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని నీళ్ల గురించి కొట్లాడుకోవాలన్నది అసలు ఉద్దేశం.

మన దగ్గర దీనికి 2007లో చట్టం కూడా చేశారు. కానీ నిజంగా ప్లాన్ వేసేది ఎవరు? హెచ్‌ఎండీఏ. 1975 నాటి హుడాను పెంచి 2008లో పెట్టారు, చైర్మన్ ముఖ్యమంత్రి. మొదట 7 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉండేది, 2025లో రీజినల్ రింగ్ రోడ్డు దాకా పెంచారు. ఫ్యూచర్ సిటీ అనే కొత్త నగరానికని ఇంకో అథారిటీ వేరే. వీటిలో మీ కౌన్సిలర్‌కో సర్పంచ్‌కో ఉన్న బలమెంత? వాళ్లు వెళ్లి వినతిపత్రం ఇచ్చి ఫొటో దిగి రావడమే.

ఇంకోటి గమనించండి. ఇప్పుడు కలిపిన 27 చోట్లా పాలకవర్గాల గడువు 2025 జనవరిలోనే అయిపోయింది. అప్పట్నుంచి స్పెషల్ ఆఫీసర్ల పాలన. కాబట్టి విలీనం మీద తీర్మానం చేసి మాకు ఇది కావాలి, ఇది వద్దు అని బేరమాడే మనిషి ఒక్క ఊళ్లోనూ కుర్చీలో లేడు. ఒక ఊరు ఇంకో ఊరితో కలవాలంటే రెండువైపులా మాట్లాడే నోరుండాలి. ఇక్కడ ఒకవైపు నోరే లేదు.

మాజీ_ఈఈ
పాప బాగా చెప్పింది. ఒకటి కలుపుతాను. ఎన్నికైన వాళ్లు ఉన్నప్పుడు కూడా కౌన్సిల్ మీటింగుల్లో పక్క మునిసిపాలిటీ ఊసు వచ్చేది కాదు, ఎందుకంటే ఏ కార్పొరేటర్‌కీ పక్క ఊళ్లో ఓట్లుండవు. తన వార్డులో నాలా వెడల్పు చేస్తే ఓపెనింగ్‌కు కొబ్బరికాయ కొట్టొచ్చు. కింది ఊళ్లో చేస్తే ఆయనకేం వస్తుంది?

నిజాంపేట్_అక్క
నేను మాత్రం విలీనం వైపే. కారణం చెప్తాను, తర్వాత తిట్టండి.

మా దగ్గర అపార్ట్‌మెంట్ల మీద అపార్ట్‌మెంట్లు. ఆఫీసులు లేవు, పెద్ద మాల్స్ లేవు. మావాళ్లంతా పొద్దున లేచి మాదాపూర్, గచ్చిబౌలి పోతారు. ఆ గాజు టవర్ల ఆస్తి పన్ను, ట్రేడ్ లైసెన్సు ఫీజులు అన్నీ జీహెచ్‌ఎంసీకి. రాత్రికి ఇంటికొచ్చి స్నానం చేసేది, చెత్త వేసేది, మురుగు వదిలేది నిజాంపేటలో. రోడ్డు అరిగేది మా దగ్గర. పిల్లలకు పార్కు కావాల్సింది మా దగ్గర. సంపాదన ఒక మునిసిపాలిటీలో, ఖర్చు ఇంకో మునిసిపాలిటీలో. వేసవిలో ట్యాంకరు కోసం మా వాచ్‌మన్ తెల్లారుజామున నాలుగింటికి లేచి ఫోన్ పట్టుకు కూర్చుంటాడు, అవతలివాడు ఎత్తితే సరే, లేదంటే ఆ రోజు రెండు బకెట్లతో సరిపెట్టుకోమని గ్రూపులో మెసేజ్ వస్తుంది. కాబట్టి గల్లాపెట్టె ఒకటైతే నాకు సంతోషమే.

ఎందుకొచ్చిన_గొడవ
అక్కా గల్లాపెట్టె ఒకటే, తాళంచెవి ఎవరి దగ్గర అన్నదే అసలు ప్రశ్న. 2007 నుంచి కాప్రా, అల్వాల్ అదే గల్లాపెట్టెలో ఉన్నాయి. ఫ్లైఓవర్లు ఎటువైపు ఎక్కువ లేచాయో మీరే చెప్పండి.

మిన్నెసోటా_మావయ్య
అక్క చెప్పిన సమస్య మీద ఇక్కడి కథ ఒకటి చెప్తాను. నేను మినియాపొలిస్ దగ్గర ఒక సబర్బ్‌లో ఉంటాను, అమెరికా గొప్పలు చెప్పడానికి కాదు, ఇక్కడ మంచులో కారు తవ్వుకునే బతుకు మాది.

మినియాపొలిస్, సెయింట్ పాల్, చుట్టూ ఏడు కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటివి. అందులో చిన్నాపెద్దా కలిపి దాదాపు 180 ఊళ్లున్నాయి, దేనికదే మేయర్, కౌన్సిల్. ఎవర్నీ ఎవరిలోనూ కలపలేదు. కానీ 1960లకు ముందు శివార్లలో ఇళ్లు ఇష్టమొచ్చినట్టు లేచి సెప్టిక్ ట్యాంకుల నీళ్లు బావుల్లోకి దిగాయి. ఒక్కో ఊరూ విడివిడిగా చేస్తే అయ్యే పని కాదని 1967లో రాష్ట్రం మెట్రోపాలిటన్ కౌన్సిల్ పెట్టింది. ఇప్పుడు పెద్ద మురుగు లైన్లు, శుద్ధి ప్లాంట్లు, బస్సులు దాని చేతిలో. చెత్తబండి, పార్కు, లోకల్ రోడ్డు ఎవరి ఊరిది వాళ్లదే. దీని మీదా విమర్శ ఉంది, సభ్యుల్ని గవర్నర్ వేస్తాడు, జనం ఎన్నుకోరు.

అసలు విషయం డబ్బు. 1971లో ఒక చట్టం చేశారు. అప్పట్నుంచి ఏ ఊళ్లోనైనా ఆఫీసులు, షాపులు, ఫ్యాక్టరీల పన్ను పునాది (పన్ను వేసే ఆస్తుల విలువ) పెరిగితే ఆ పెరుగుదలలో 40 శాతం ఉమ్మడి కుండలో పడుతుంది. దాన్ని జనాభాను బట్టి, ఆస్తుల విలువ తక్కువున్న ఊళ్లకు ఎక్కువ వచ్చేలా మళ్లీ పంచుతారు. పెద్ద మాల్ ఉన్న బ్లూమింగ్టన్ లాంటి ఊరు ఇచ్చేవాళ్లలో ఉంటుంది. ఊరికే ఒప్పుకున్నారనుకోకండి, బర్న్స్‌విల్ అనే ఊరు కోర్టుకెక్కింది, చట్టం చెల్లుతుందని 1974లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చాకే అమలైంది. ఇప్పటికీ ఇచ్చే ఊళ్లు సణుగుతూనే ఉంటాయి.

గచ్చిబౌలి టవర్ల పన్నులో వాటా నిజాంపేటకు రావాలంటే నిజాంపేట పేరు చెరపాల్సిన పనిలేదు అన్నది నా పాయింటు.

నిజాంపేట్_అక్క
మావయ్యా ఇది నాకు నిజంగా తెలీదు. కానీ మనవాళ్లు 40 శాతం కుండలో వేస్తారా, కుండే మాయం చేస్తారా?

మోడరేటర్
పార్టీల పేర్లతో కొట్టుకున్న నాలుగు పోస్టులు తీసేశాను. విషయం మీద ఉండండి.

మొయినాబాద్_నుంచి
అందరూ ఓఆర్‌ఆర్ లోపలే తిరుగుతున్నారు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు దాటితే అవతల మనుషులు లేరా?

ఉస్మాన్‌సాగర్ 1920లో కట్టారు, హిమాయత్‌సాగర్ 1927లో. 1908 మూసీ వరద తర్వాత సిటీని కాపాడటానికి, నీళ్లివ్వడానికి. మంచిదే. తర్వాత 1996లో 111 జీవో వచ్చింది. ఆ చెరువుల్లోకి మురికి రాకూడదని చుట్టూ 10 కిలోమీటర్ల లోపల 84 ఊళ్లలో ఫ్యాక్టరీలు, పెద్ద కట్టడాలు బంద్. మా తాత తరం నుంచి సాగు చేసిన భూమి పక్కన, గీతకు అవతల ఎకరం కోట్లు పలుకుతుంటే మా దగ్గర కొనేవాడు లేడు. సిటీ నీళ్లు తాగింది. ఒప్పుకుంటాను, చెరువులు నిలిచాయంటే ఆ జీవో వల్లే. కానీ 26 ఏళ్లలో ఆ 84 పంచాయతీలకు "మీరు ఆగినందుకు ఇదిగో ఏడాదికి ఇంత" అని నీళ్ల బిల్లులోంచి ఒక్క రూపాయి తీసి ఎవరూ ఇవ్వలేదు. అందుకే 2022లో 69 జీవోతో ఎత్తేస్తామంటే మా ఊళ్లలో టపాకాయలు కాల్చారు. సిటీలో పర్యావరణం అన్నవాళ్లు మమ్మల్ని రియల్ ఎస్టేట్ దొంగలన్నారు.

పాలసీ_పిల్ల
అన్నా మీరు చెప్పినదానికి సరిగ్గా సరిపోయే ఒప్పందం న్యూయార్క్‌లో ఉంది. ఆ సిటీ నీళ్లలో ఎక్కువ భాగం క్యాట్‌స్కిల్ కొండలవైపు నుంచి వస్తాయి. ఫిల్టర్ ప్లాంటు కట్టాలంటే వందల కోట్ల డాలర్లవుతుందని, పైనున్న ఊళ్లతో 1997లో ఒక ఒప్పందం రాసుకున్నారు. సిటీ తన డబ్బుతో అక్కడి ఊళ్ల సెప్టిక్ ట్యాంకులు బాగుచేయిస్తుంది, మురుగు ప్లాంట్లు మెరుగుచేయిస్తుంది, రైతులకు పశువుల కొట్టాల నుంచి నీళ్లు పాడవకుండా సాయం చేస్తుంది, అమ్మేవాళ్లుంటే భూమి కొంటుంది, కొన్న భూమికి ఆ ఊళ్లకు ఆస్తి పన్ను కూడా కడుతుంది. అంతకుముందు దశాబ్దాలపాటు పడని రెండు పక్షాలు అవి. మంచితనం వల్ల కలవలేదు, సిటీకి అదే చౌక అని తేలింది కాబట్టి కలిశాయి.

మొయినాబాద్_నుంచి
ఇట్లాంటిది 1996లో చేసుంటే జీవో ఎత్తేయమని మేమెందుకు అడుగుతాం చెల్లీ.

వలిగొండ_రైతు
పైన ఊళ్ల బాధ ఒకటి, కింద మాది ఒకటి. మీరు వదిలిన మూసీ నీళ్లతోనే మాకు వరి. నీళ్లు ఏడాది పొడవునా వస్తాయి, అది నిజం, చేను ఎండదు. కానీ మడిలో దిగితే కాళ్లు దురద, ఆ వడ్లు మా ఇంట్లో మేం తినం. సిటీ చుట్టూ 31 మురుగు శుద్ధి ప్లాంట్లు (ఎస్‌టీపీలు) అన్నారు, కట్టినవి సరిగ్గా నడిస్తే మాకంటే సంతోషించేవాళ్లు లేరు. నడుస్తున్నాయో లేదో చూసే కమిటీలో మా జిల్లా మనిషి ఒకడుండాలని ఎవరికైనా తట్టిందా?

బెంగళూరు_బస్సెక్కినోడు
పనిమీద బెంగళూరులో ఉంటున్నాను. ఇక్కడ ఉల్టా. ఇక్కడి కార్పొరేషన్ బీబీఎంపీ మోయలేనంత పెద్దదైందని 2025 సెప్టెంబరులో ఐదు కార్పొరేషన్లుగా ముక్కలు చేశారు, పైన గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దానికి ముఖ్యమంత్రే అధ్యక్షుడు. ఢిల్లీలో 2012లో మూడు ముక్కలు చేసి 2022లో మళ్లీ కలిపారు, ఎందుకంటే పన్ను బాగా వచ్చే ముక్క ఒకటి, జీతాలకే డబ్బుల్లేని ముక్కలు రెండు. మన దగ్గర కూడా కలపడం అయింది కాబట్టి, విడగొట్టడం మీద వార్తలు రావడానికి ఎక్కువ కాలం పట్టదు, రాసిపెట్టుకోండి.

గుమ్మడిదల_బిడ్డ
ఇన్ని పోస్టులు చదివిన. మా సంగతి ఎవరూ రాయలే.

జవహర్‌నగర్ మీద బరువు తగ్గించాలని సిటీ చెత్తకు మా గుమ్మడిదల మండలం ప్యారానగర్ దగ్గర జాగ చూసిన్రు. 2025 ఫిబ్రవరిల పోలీసులను పెట్టుకొని పనులు మొదలువెట్టిన్రు, నల్లవల్లి, చుట్టుపక్కల ఊర్లు రోడ్డెక్కినయ్. ఆడోళ్లు పొలం పనులు ఇడిసి వచ్చి టెంటు కింద కూసున్నరు. జవహర్‌నగర్ తమ్ముడు రాసింది చదివితే మా ఊరు ఇరవై ఏండ్ల తర్వాత ఎట్లుంటదో కనవడుతుంది.

మేం చెత్త ఎవరిదీ ముట్టం అనే మొండోళ్లం కాదు. సిటీల మా పిల్లలే ఉన్నరు. కానీ మా పంచాయతీతోని ఒక్క కాయితం మీద సంతకం వెట్టి "రోజుకు ఇన్ని లారీలు, ఇన్ని టన్నులు, నీళ్లు చెరువుల పడితే ఇంత జరిమానా, ఊరికి ఇంత పైసలు" అని రాసిచ్చే దమ్ముందా సిటీకి?

ఎందుకొచ్చిన_గొడవ
ఇక వెటకారం మానేసి ఒకటి చెప్తాను. మొదట నేను విలీనానికి వ్యతిరేకం అనుకున్నా, అక్క పోస్టు చదివాక కాదనిపించింది. నాకు కోపం ఎవరినీ అడగకుండా చేసినందుకు. కలిపినా కలపకపోయినా ఎక్కడో ఒకచోట హద్దు ఉంటుంది. నిన్న బోడుప్పల్ దగ్గరుంది, ఇవాళ ఓఆర్‌ఆర్ దగ్గరికి జరిగింది. జీహెచ్‌ఎంసీ 650 చదరపు కిలోమీటర్ల నుంచి 2025 విలీనంతో 2 వేలు దాటింది, మొయినాబాద్, గుమ్మడిదల ఇంకా అవతలే ఉన్నాయి, చెత్త అటే పోతోంది, నీళ్లు అటునుంచే వస్తున్నాయి. సింగూరు, మంజీర, నాగార్జునసాగర్, ఎల్లంపల్లి, మన నల్లాలో ఏ చుక్కా మన కార్పొరేషన్‌లో పుట్టింది కాదు. వీళ్లందర్నీ కలుపుకుంటూ పోతే చివరికి రాష్ట్రమంతా ఒకే కార్పొరేషన్ చెయ్యాలి.

కాబట్టి రాతకోతలు తప్పవు. @మాజీ_ఈఈ సార్, మీరు అటువైపు కూర్చున్నవాళ్లు కదా, ఒప్పందం అంటే అందులో ఏముండాలి? గుమ్మడిదల అన్న అడిగినట్టు నిజంగా కుదిరే పనేనా?

మాజీ_ఈఈ
కుదురుతుంది. కష్టం మాత్రం ఉంది. రెండు స్థానిక సంస్థలు ఉమ్మడి పని కోసం ఒప్పందం చేసుకోవడం కొత్త విషయమేమీ కాదు, ఇష్టపడి చేసేవాళ్లు తక్కువ.

నాలా సంగతి చెప్తాను, నాకు తెలిసింది అదే. 2020 అక్టోబరు 13 రాత్రి ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన పడింది. మన చెరువులు గొలుసుకట్టు, పైచెరువు అలుగు పారితే కింది చెరువుకు, అది నిండితే దాని కిందిదానికి. పల్లె చెరువు, గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగాయి. కొద్ది రోజులకే బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి కింద హఫీజ్‌బాబానగర్ మునిగింది. చెరువు ఒకరి దగ్గర, మునిగిన ఇళ్లు ఇంకొకరి దగ్గర. ఆ తర్వాత ఎస్‌ఎన్‌డీపీ అని నాలాల పథకం పెట్టి చాలాచోట్ల వెడల్పు చేశారు, మీర్‌పేట లాంటి బయటి ఊళ్లలో కూడా, అది మంచి పనే. కానీ కాంక్రీటు పోయడం కంటే ముందు చెయ్యాల్సింది చవకైన పని. పైచెరువు నీటిమట్టం ఇంత దాటితే కింది ఊళ్లో ఫలానా పోస్టులో ఉన్న మనిషికి ఫోన్ చెయ్యాలి, ఆ మనిషి ఎత్తకపోతే తర్వాత ఎవరికి, తూము తలుపు ఎత్తే తాళం ఎవరి దగ్గర, ఇది కాగితం మీద ఉండాలి. నా సర్వీసులో ఒకసారి తూము తాళం ఉన్న లష్కరు (చెరువు కాపలాదారు) ఊళ్లో లేడని అర్ధరాత్రి గడ్డపారలతో తలుపు ఎత్తించాం. కోట్ల ప్రాజెక్టు, మనిషి దగ్గర తాళం.

ఇక ఏ ఒప్పందంలోనైనా నేను చూసేవి: పని ఎవరిది, డబ్బు ఎవరిది, ఏ నెలలోపు, చెయ్యకపోతే ఏమిటి. పూడికతీత జూన్ లోపు అని రాసి, రెండువైపులా ఇంజినీర్లు కలిసి నడిచి చూసి సంతకం పెట్టాలి, ఒక్కరే పెడితే అది బిల్లు కోసం పెట్టిన సంతకం. చెత్త విషయంలో వేబ్రిడ్జి తూకం చీటీ కాపీ ఊరికి రోజూ అందాలి. నీళ్ల శాంపిల్ తీసేది కాంట్రాక్టర్ కాకూడదు.

@గుమ్మడిదల_బిడ్డ, బలం లేకుండా ఎవరూ మీతో సంతకం పెట్టరు, ఇది నిజం. ఒక్క పంచాయతీ వెళ్తే టీ ఇచ్చి పంపిస్తారు. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఒకే రకం తీర్మానం చెయ్యాలి, మాటలు కూడా అవే ఉండాలి. ఈ 2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలయ్యాయి కదా, కొత్త సర్పంచులు ఇంకా వేడిమీద ఉంటారు, ఇప్పుడే అడగండి.

గుమ్మడిదల_బిడ్డ
మా సర్పంచ్ మొన్ననే గెలిచిండు. గ్రామసభల పెడదమంటే పెడతడు. తీర్మానంల ఏమేం రాయాలే సార్, జర మోడల్ ఉంటే ఇయ్యండి.

కంటోన్మెంట్_మనిషి
నాకూ కావాలి, నాలా పూడికకు.

మాజీ_ఈఈ
రాసి రేపు ఇక్కడే పెడతాను, తెలుగులోనే. ఒక మాట ముందే చెప్తున్నా, డంపింగ్ వద్దు అని, డంపింగ్‌కు షరతులు అని రెండూ ఒకే తీర్మానంలో రాయకండి, రేపు షరతులు అడిగారంటే ఒప్పుకున్నట్టే కదా అంటారు. ఏది కావాలో ఊళ్లో తేల్చుకుని అదొక్కటే రాయండి. కేసు ఏదైనా నడుస్తుంటే ముందు మీ లాయరుకు చూపించండి. కాపీలు కలెక్టర్‌కు, జిల్లా పంచాయతీ అధికారికి (డీపీవో), పీసీబీకి, కార్పొరేషన్ కమిషనర్‌కు, నలుగురికీ రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆఫీసులో చేతికిస్తే మాత్రం స్టాంపు వేయించుకోకుండా బయటికి రావద్దు.